నీ గడ్డం మీద నేర్చుకున్నాను

దావీదూ, నువ్వు నాతో అబద్ధమాడావు. నందిగామ బడిలో మనం కలిసి పాఠాలు చెప్పినన్నాళ్లూ, మంగలి షాపుకి రమ్మంటే "నా చెయ్యే నాకు హాయి, నువ్వెళ్లిరా" అని నవ్వేవాడివి. నేను నమ్మాను.

నువ్వు పోయిన పొద్దున, సమాధుల తోటకి తీసుకెళ్లేముందు గడ్డం గీయించమని మీ అమ్మ అడిగితే షాపుకి పరిగెత్తాను.

"ఆయనకా? బతికున్నప్పుడే చెయ్యలేదు గదండీ," అన్నాడు షాపాయన. "చేస్తే రేపు మీ పెదనాన్నగారే నా కుర్చీలో కూచోరు."

ఊరంతటితో వాదించేవాణ్ణి, ఒక్కణ్ణే మీ ఇంటికి తిరిగొచ్చాను.

చివరికి నీ కత్తి నేనే పట్టాను. అంతకుముందు ఏనాడూ పట్టి ఎరగను. మీ అమ్మ నీ బుగ్గ సాగదీసి పట్టుకుని, "మెల్లిగా బాబూ, దవడ కింద గుంటుంటది" అంది. సరిగ్గా అక్కడే తెగింది. నెత్తురు రాలేదు.

ఆ కత్తి ఆమె నాకే ఇచ్చింది. షాపు మానేసి, దాంతోనే గీసుకోవడం నేర్చుకున్నాను. నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. చెయ్యి కుదిరింది. కానీ కత్తి దవడ కిందికి దిగేసరికి అద్దంలో ముఖం నీదైపోతుంది. వెచ్చగా ఉందో లేదోనని బుగ్గ తడిమి చూసుకుంటున్నాను.

రేపు పంచాయతీలో నిలబడి అడగబోయేవి ఇవి:

కులం అడక్కుండా ఎవరికైనా ఆ షాపులో గడ్డం గీయాలి.

గీసినందుకు షాపాయన్ని ఎవరూ వెలివేయకూడదు.

మా పెదనాన్నకి ఇష్టం లేకపోతే గడ్డం పెంచుకోవాలి.

నిన్ను అడిగేది ఒక్కటే. ఒక్కసారైనా నన్ను తిట్టు.