తౌనో రేవు దాకా నడిచే మోటారు

జూన్ 8, ఉదయం 7:00
ఈరోజు నుంచి కొత్త మనిషిని! నాన్న పడవ మోటారును షెడ్డులోంచి బయటికి తీశాను. దాని వయసు అరవై. నాకంటే ఎనిమిదేళ్లు చిన్నది. పదకొండేళ్లుగా గోనెపట్టా కింద నిద్రపోతోంది.
తీర్మానాలు:
1. నడివేసవి యుహన్నుస్ పండుగ లోపల దీన్ని నేనే బాగుచేస్తాను. ఎవరినీ అడగను.
2. బూతులు తిట్టను.
3. సరస్సు అవతలి ఒడ్డున ఉన్న తమ్ముడు తౌనో రేవు ముందు నుంచి ఆగకుండా, అటు చూడకుండా, దర్జాగా వెళ్తాను.
మూడోదే అసలుది. నాన్న పోయాక ఈ మోటారు నాదంటే నాదని కొట్టుకున్నాం. నేను ఎత్తుకొచ్చేశాను. అప్పటి నుంచి మాటల్లేవు. మధ్యలో ఉన్నది కిలోమీటరు నీళ్లే.

జూన్ 9
10:00. తాడు లాగగానే అందుకుంది! పొగ, దగ్గు, అయినా పరుగే! కెర్తు చెవులు మూసుకుంది. నా భార్యకు ఆనందం ఎక్కువైతే అంతే.
10:11. తౌనో రేవుకు ఇరవై గజాల దూరంలో దగ్గి, తుమ్మి, చచ్చింది. గాలి పడవను తోసుకెళ్లి సరిగ్గా వాడి రేవుకే ఆనించింది. తౌనో వచ్చాడు. ఒక్క మాటా లేదు. తెడ్డుతో పడవను వెనక్కి నెట్టాడు. తల కొట్టేసినట్టయింది.
ట్యాంకు మూత తీసి చూశాను. పెట్రోలు ఉంది. మూత బిగించి లాగితే మళ్లీ అందుకుంది! మా రేవు దగ్గరికి రాగానే మళ్లీ చచ్చింది.

జూన్ 10
స్పార్క్ ప్లగ్గులు మార్చాను. అదే చోట చచ్చింది. అదే తెడ్డు.

జూన్ 12
కార్బురేటర్ విప్పాను. వంటింటి బల్ల మీద పదిహేడు ముక్కలు. బిగిస్తే పదహారే పట్టాయి. పదిహేడోది కెర్తు చెవిపోగు.
అదే చోట చచ్చింది. ఈసారి తౌనో నోరు విప్పాడు.
"వానొచ్చేలా ఉంది."
ఆకాశంలో మబ్బు తునక లేదు. "ఊఁ" అన్నాను. ఇది మాట్లాడుకోవడం కిందికి రాదు. మాటలు తక్కువ మా ఫిన్లాండులో వస్తుంది గానీ, నా లెక్కలో రాదు.

జూన్ 14
9:40. రెండో తీర్మానం మునిగింది. చాలా గట్టిగా మునిగింది.
"అచ్చం నాన్నలాగే తిడుతున్నావు" అన్నాడు తౌనో, రేవు మీద నుంచి. తెడ్డు కింద పెట్టి, "కాఫీ ఎక్కువ కాచాను. పారబొయ్యాలి."
పారబోస్తే దండగ కదా. తాగాను.

జూన్ 17
ఈరోజు మోటారులో ఏదీ విప్పలేదు. ముందు నడిపి చూడాలి, అప్పుడే కదా జబ్బు తెలిసేది!
"ఏవండీ, మోటారు చెడిపోవడానికి ఇస్త్రీ చొక్కా ఎందుకు?" అంది కెర్తు. "అంతగా ఉంటే వెళ్లి పలకరించి రావచ్చుగా!"
"పిలవని ఇంటికి ఎలా వెళ్తానే? మోటారు ఆగితే అది వెళ్లడం కాదు. ప్రమాదం!"
ప్రమాదంలో కాఫీ, రెండు ఏలకుల బన్నులు. ఆవిరి స్నానానికి సౌనా గది కూడా వేడిగా ఉందన్నాడు. ప్రమాదం సాయంత్రం దాకా సాగింది.

జూన్ 20
మోటారు చావగానే తౌనో పడవలోకి వంగాడు.
"ట్యాంకు మూత మీద గాలి స్క్రూ ఎవడు తిప్పుతాడు?"
"గాలి స్క్రూనా? ఎక్కడ?"
"ఇదిగో! ఇది తెరవకపోతే ట్యాంకులోకి గాలి పోదు, పెట్రోలు కిందికి దిగదు. చిన్నప్పుడు నువ్వు తాడు లాగేవాడివి, నేను ఇది తిప్పేవాణ్ణి. మర్చిపోయావా అన్నయ్యా?"
మర్చిపోలేదు. అసలు తెలియనే తెలియదు. తాడు లాగి, నా వల్లే పడవ కదిలిందని ముందుకు చూస్తూ కూర్చునేవాణ్ణి. వెనక తమ్ముడేం చేస్తున్నాడో ఒక్కసారైనా తిరిగి చూడలేదు. సిగ్గేసింది.
"నీకు మొదటి రోజే తెలుసా?"
"తెలుసు."
"చెప్పలేదేం?"
"నువ్వు అడగలేదుగా."

జూన్ 21
మోటారు వెన్నలా నడుస్తోంది! తౌనో రేవు ముందు నుంచి ఆగకుండా వెళ్లాను! మూడో తీర్మానం నెగ్గింది!
వాడు రేవు మీదే నిలబడ్డాడు, రెండు చేతుల్లో రెండు కప్పులు. ఏ కారణం చెప్పి ఆగను? చెయ్యి ఊపాను. వాడు కప్పు ఊపాడు. సరస్సు చుట్టూ మూడుసార్లు తిరిగాను. దిక్కుమాలిన మోటారు ఒక్కసారీ దగ్గలేదు. ఇంటికొచ్చి అన్నం తినలేదు. బాగుపడినందుకు ఇంత బెంగపడతానని అనుకోలేదు.

జూన్ 22, పండుగ, ఉదయం 8:00
కొత్త పేజీ! కొత్త మనిషిని!
తీర్మానం ఒకటే: ఈ మోటారును నేనే బాగుచేస్తాను. ఎన్నేళ్లు పట్టినా సరే!
9:30. చొక్కా ఇస్త్రీ అయింది. కెర్తు కూడా వస్తానంటోంది. ట్యాంకు నిండా పెట్రోలు పోశాను. మూత మీది గాలి స్క్రూ గట్టిగా బిగించాను.