చెరో చెవిలో

వన్ టౌన్,
విశాఖపట్నం.

చిరంజీవి మణికంఠకు అక్క దీవించి రాయునది. ఇక్కడ మీ బావా, నేనూ క్షేమం. ఆ మాట లేకుండా మొదలుపెడితే నీ గుండె జారిపోతుందని రాశాను గానీ, అది ఎంతవరకు నిజమో ఉత్తరమంతా చదివి నువ్వే తేల్చుకో.

నీ ఉత్తరం అందింది. పారాదీప్‌లో ట్రైనింగ్ బాగానే సాగుతోందన్నావు, సంతోషం. హాస్టల్ కూరల్లో ఆవనూనె వాసన పడటం లేదన్నావు. గోంగూర పచ్చడి పంపిస్తున్నాను. గదిలో వాళ్లకీ పెట్టు, ఒక్కడివే లాగించకు. పెనాంగ్ వెళ్లొచ్చి ఒక్క కబురూ చెప్పలేదేమని అలిగావు. ఆదివారం ఫోను చేస్తే ఎప్పుడూ స్పీకర్ మీదే ఎందుకు పెడతారని కూడా అడిగావు. రెండింటికీ జవాబు ఒకటే. అది స్పీకర్ మీద చెప్పేది కాదు కనుకే ఈ ఉత్తరం.

మలేషియాలో ఉన్నా, పెనాంగ్ కూడా మన ఊరిలాగే ఓడరేవు. అక్కడి పాత ఊరు చూస్తే మన వన్ టౌనే అనుకుంటావు. అవే ఇరుకు సందులు, అవే టోకు కొట్లు, గోడల మీద అదే ఉప్పుగాలి పెచ్చులు. గైడ్ ఎందుకు దండగ అని మన సందు చివర మొబైల్ కొట్టు హసన్, ఊరంతా నడుస్తూ వినే ఆడియో టూర్ ఒకటి ఉచితంగా ఫోన్లోకి దించి ఇచ్చాడు. ఎక్కడ బయల్దేరాలో, ఎక్కడ తిరగాలో, ఏ మేడ ఎవరు కట్టించారో అన్నీ ఆ గొంతే చెబుతుంది. ఉచితమంటే మీ బావ సంగతి తెలుసుగా. దారిపొడుగునా అందరికీ అదే గొప్ప.

ఇద్దరికీ కలిపి ఒకటే ఇయర్‌ఫోన్. చెరో చెవిలో పెట్టుకున్నాం. పీటల మీద కూర్చున్న నాటి నుంచీ పెళ్లాం ఎడమపక్కనే కదా, ఊరు కాని ఊళ్లోనూ ఆయనకి ఎడమపక్కనే నడిచాను. నాది కుడి చెవి, ఆయనది ఎడమ చెవి.

సముద్రం మీద చెక్క స్తంభాలు పాతి ఇళ్లు కట్టుకున్నవాళ్ల కథ చెబుతుంటే నాకు నవ్వొచ్చింది. ఆయనా నవ్వాడు, కాస్త ఆలస్యంగా, నా మొహం చూసి. పైకప్పు మీద డ్రాగన్‌ని చూడమన్నప్పుడు నేను తలెత్తాక ఆయన ఎత్తాడు. ఇంగ్లీషు అందక నామోషీ పడుతున్నాడేమోలే అనుకుని ఊరుకున్నాను.

ఒక గుడి ముందు ఫొటో కోసం ఆడియో ఆపాను. మళ్లీ పెట్టడం మర్చిపోయి నడక సాగించాం. ఇద్దరి చెవుల్లోనూ ఏమీ లేదు. ఆయన మాత్రం తలూపుతూనే ఉన్నాడు. "బలే సెప్తన్నాడే ముసిలోడు," అన్నాడు.

నేను అక్కడే ఆగిపోయాను. ఆయన ఆగలేదు. ఎడమవైపు సందులోంచి హారన్ కొట్టుకుంటూ మోటార్‌సైకిల్ వస్తోంది. పరుగున వెళ్లి చొక్కా పట్టుకుని లాగాను.

అరుగు మీద కూర్చోబెట్టి, ఎడమ చెవిలోది తీసి కుడి చెవిలో పెట్టి ఆడియో వేశాను. కాసేపు విన్నాడు.

"ఆడపిల్లేటి సెప్తన్నది?" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

ఎన్నాళ్లయిందని అడిగితే నేలచూపులు చూశాడు. "ఎడమది ఎప్పుడో పోనాది. క్రేన్ కేబిన్ల ఆ రొదకి ఉంటాదేటి? కుడిది ఉంది కదే. ఎవులికీ సెప్పకు. మణిగాడికి అసలు సెప్పకు."

ఇన్నేళ్లూ నా చెవిలో పువ్వులు పెట్టాడని కోపం వచ్చింది. పిలిస్తే పలకనప్పుడల్లా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టని వేళాకోళం చేసినదాన్ని నేనే. ఇప్పుడా సామెత నోటికి రావడం లేదు.

కుడిది ఉందన్నాడే, అదీ అంతంతమాత్రమే. ఆమధ్య మేడ మీద బట్టలారేస్తూ, కుడిపక్కకే జరిగి, "ఆగండి," అన్నాను. మామూలు గొంతుతోనే. ఆయన మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఇక అసలు సంగతి. పెనాంగ్ నుంచి వచ్చాక కంపెనీవాళ్లు మెడికల్ సర్టిఫికెట్ తెమ్మన్నారు. చెవుల పరీక్షకి నేనూ వెళ్లాను. అద్దాల గదిలో ఆయన, ఇవతల మిషను ముందు టెస్టు చేసే అమ్మాయి, ఆమె వెనక కుర్చీలో నేను. శబ్దం వినబడినప్పుడల్లా ఆయన చెయ్యెత్తాలి. ఆమె బటన్ నొక్కినప్పుడల్లా మిషను మీద చిన్న లైటు వెలుగుతోంది. అది వెలిగినప్పుడల్లా నేను పైట సర్దుకున్నాను. ఆయన నన్ను చూసి చెయ్యెత్తాడు. ఇలా చేద్దామని ఇంటి దగ్గరే అనుకుని వెళ్లాం. రెండు చెవులూ బాగున్నాయని కాగితం ఇచ్చారు.

క్రేన్ దిగితే ఆయన మనిషి కాకుండా పోతాడని భయపడి చేశాను. అప్పుడు నువ్వు గుర్తు రాలేదు తమ్ముడూ. ట్రైనింగ్ అయ్యాక బావ క్రేన్‌కే సిగ్నల్‌మేన్‌గా వేస్తున్నారని మురిసిపోతూ నువ్వు రాసిన ముక్క చదివాకే ఏం చేశానో తెలిసింది. కింద నిలబడి వాకీటాకీలో నువ్వు ఆగమంటే పైన ఆయన ఆగాలి. ఆయనకి వినబడకపోతే ఆ హుక్కు కింద ఉండేది నువ్వు. అమ్మ పోయాక నా చేత్తో అన్నం తిని పెరిగినవాడివి. నిన్ను నేనే అక్కడ నిలబెట్టాను.

ఇంతవరకు రాసి, ఆయన కుడిపక్కన కూర్చుని మొత్తం గట్టిగా చదివాను. గొడవేమో అనుకుని పక్కింటి వెంకటరమణమ్మ గుమ్మంలోకి తొంగిచూసింది. పైట సంగతి దగ్గరికి వచ్చేసరికి ఆయన కాగితాలు లాక్కున్నాడు. చింపేస్తాడనుకున్నాను. తనే మళ్లీ మొదటి నుంచీ చదువుకున్నాడు.

"ఆడు ఆగమంటే, నాను ఆగనేటి?" అన్నాడు. కాగితాలు మడిచి, "కవరిలా తే," అన్నాడు.

క్రేన్ దిగుతానని ఇంకా నోరు విడిచి అనలేదు. ఈ రోజు కూడా డ్యూటీకి వెళ్లాడు. నా భయం అలాగే ఉంది. నువ్వు వచ్చేసరికి ఆయన ఇంకా ఆ కేబిన్‌లోనే ఉంటే, మొహమాటపడి హుక్కు కింద నిలబడకు. నా మీద ఒట్టు. కంపెనీలో నా పేరే చెప్పు, పైట సంగతితో సహా.

ఈ ఉత్తరం ఆయనకి తెలియకుండా పంపానని మాత్రం అనుకోకు. కవరు మీద నీ చిరునామా రాసిన చెయ్యి ఎవరిదో ఒకసారి చూసుకో.

ఇట్లు,
నీ మేలు కోరే అక్క,
ఆశాజ్యోతి