రెట్టింపు నేల

నా బంగారు తల్లికి,

నాన్న కోటి దీవెనలు. గెలిచామమ్మా, గెలిచాం! చొప్ప తగలబెట్టొద్దు, నేల మీదే పరిచెయ్యి అని నువ్వు చెబితే "ముసలాడు మట్టికి దుప్పటి కప్పుతున్నాడు" అని అందరూ నవ్వారు. వాన మొహం చాటేసినా నా మొక్కజొన్న వాడలేదు. మీ మామయ్య చేను నిలువునా ఎండింది. ఇప్పుడు అందరూ నా గుమ్మం ముందే! ఆ సంతోషంలో పైన వాలు మీద అడవి కొట్టించడం మొదలుపెట్టాను. వచ్చే పంటకి అక్కడా చొప్ప పరుస్తా. నీ పేరు నిలబెడతా, చూడు!

ఆనందం పట్టలేని
నీ నాన్న

నాన్నా,

ప్రియమైన అని రాయడానికి చెయ్యి రావడం లేదు. అడవి కొట్టిస్తున్నావా? ఉన్న నేలే నిన్ను పోషించాలని, ఆ వాలు ఎక్కే అవసరం నీకు రాకూడదని కదా చొప్ప పరవమన్నది! పైన వేళ్ళు పోతే మొదటి పెద్ద వానకే మట్టంతా నీ చేలోకి జారుతుంది. చొప్పా ఉండదు, పంటా ఉండదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టుంది నా పని. ముందు ఆ గొడ్డలి కింద పెట్టు.

నీ కూతురు

అమ్మా తల్లీ,

బాగా కడిగావు. మరి నా మాటా విను. మొన్న మన ఊరి సభలో వ్యవసాయాఫీసరమ్మగా మైకు పట్టుకుని "వచ్చే ఏడాది ఈ పద్ధతి రెట్టింపు నేలలో కనబడాలి" అన్నదెవరు? పక్కింటి పిల్లా? అరచేతులు మండేదాకా చప్పట్లు కొట్టానే! ఇక్కడ ఎవరికుంది రెట్టింపు నేల? ఆకాశంలో దున్నాలా? పైన ఉన్నది అడవే. నన్ను చూసి మీ మామయ్యతో సహా అందరూ గొడ్డళ్ళు నూరుతున్నారు. నేను ఆపేశాను, వాళ్ళు ఆగరు. "మీ అమ్మాయి మాటేగా" అంటున్నారు. నన్ను తిట్టడం కాదు, దమ్ముంటే వచ్చి ఆ మాట వెనక్కి తీసుకో.

నాన్న

నా తల్లీ, నా ప్రాణమా,

నువ్వు వచ్చి వెళ్ళి వారమైంది. అంతమంది ముందు "ఎకరాలు పెంచి చూపించమని పైవాళ్ళంటే ఆలోచించకుండా మీ నెత్తిన రుద్దాను. పెంచాల్సింది ఎకరాలు కాదు, ఉన్న ఎకరంలో పంట" అన్నావు. మామయ్య "తండ్రీకూతుళ్ళ నాటకం" అని విసురుగా లేచిపోయాడా? మర్నాడే వచ్చి, చొప్ప ఎంత మందాన పరవాలో చూపించమన్నాడు! గొడ్డళ్ళు మూలపడ్డాయి.

ఇవాళ మీ పెద్దాఫీసరు వచ్చాడు. "ఎంత నేల పెంచావు?" అన్నాడు. "గోరంత కూడా లేదు, కొట్టిన చోటు కూడా అడవికే వదిలేశా" అన్నాను. ఆయన మండిపడి, ఎకరాలు పెంచొద్దని నువ్వు అందరి ముందూ చెప్పినందుకే నిన్ను ఈ పని నుంచి తీసేశామన్నాడు. నా దగ్గర దాచావుటే పిచ్చితల్లీ! ఇక చూసుకో, నేను అరిచాను. మామయ్య నాకంటే గట్టిగా అరిచాడు. ఆ పెద్దమనిషి జీపెక్కేదాకా వదల్లేదు.

నువ్వు ఇంటికొచ్చెయ్. పని ఇక్కడే ఉంది, అందరూ నీకోసమే అడుగుతున్నారు. నా జన్మలో ఇంత ఆనందంగా ఎవరినీ తిట్టలేదమ్మా!

గొంతు పోయిన
నీ నాన్న