గాలికుంటులో కొత్త వంగడం

2003 జులై 12

పాడేరు నుంచి జీపులో వచ్చిన పశువుల శాఖ ఆఫీసరు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకునే తీర్పు చెప్పి వెళ్లాడు. ఇక్కడివాళ్లకు శుభ్రత లేదట, అందుకే పందులకు గాలికుంటు వచ్చిందట. ఏప్రిల్‌లో ఈ మహిళా సంఘం పందులన్నిటికీ మీరే వ్యాక్సిన్ వేశారు కదా అని అడిగాను. జీపు స్టార్ట్ చేయించాడు. మందు పని చేయకపోతే వేయించుకున్నవాళ్లది తప్పు. ఏం లాజిక్. దీని మీద రాస్తాను. పత్రికలు వేసుకోకపోతే కరపత్రం వేస్తాను.

గిట్టలు ఊడి పందులు కుంటుతున్నాయి. నాలుగిళ్లలో పంది పిల్లలన్నీ చచ్చాయి. జబ్బు తగలనిది సంఘంలోని లూర్దమ్మ చూడి పంది ఒక్కటే. ఆ ఈతలో ఇంటికో పిల్ల ఇస్తానని ఆమె నాలుగిళ్లకూ మాటిచ్చింది. దానికీ వస్తే సంఘం ఇక లేదు. నాకు మూడేళ్లుగా ఉండటానికి గది ఇచ్చింది ఆ సంఘమే.

జులై 14

పశువుల డాక్టరు ఫ్లోరెన్స్ వచ్చింది. ఇక్కడికే పోస్టింగ్ అడిగి తెచ్చుకున్న మనిషి. పందుల మూతి బొబ్బల నుంచి శాంపిల్ తీసి, ఐస్ ఫ్లాస్కులో పెట్టుకుని తనే బస్సెక్కింది. ల్యాబ్‌కు పంపనక్కర్లేదని ఆఫీసరు అన్నాడట. వినపడలేదని చెప్పిందట. ఇలాంటి ఉద్యోగులుంటే ప్రభుత్వాన్ని తిట్టడం ఎంత కష్టం.

జులై 15

థ్యాంక్స్ చెప్పడం మరిచాను. అలవాటు లేదు.

ఆగస్టు 6

రిపోర్టు వచ్చింది. వ్యాక్సిన్ మంచిదే. వైరస్సే మారింది. పాత స్ట్రెయిన్ కోసం చేసిన మందుకు ఈ కొత్తది చిక్కడం లేదు. ఆడవాళ్ల తప్పు ఇసుమంతైనా లేదు. కొత్త స్ట్రెయిన్‌కు పనిచేసే వ్యాక్సిన్ డాక్టరమ్మ తెప్పిస్తోంది. అందాకా కుడితి మరిగించి పెట్టాలి, లూర్దమ్మ పందుల పాకలోకి బయటివాళ్లు పోకూడదు.

సాయంత్రం సంఘానికి నేనే చెప్పాను. స్ట్రెయిన్ అంటే ఎవరికి తెలుస్తుంది? తెలుగు చేశాను. ఇది గాలికుంటులో కొత్త వంగడం అన్నాను. మాట భలే దొరికిందనుకున్నాను.

ఆగస్టు 8

నాతో ఎవరూ మాట్లాడటం లేదు.

ఆగస్టు 9, మధ్యాహ్నం

పంది పిల్లలు పోయిన ఇళ్లలో తవిటమ్మది ఒకటి. ఆవిడే నోరు విప్పింది. ఏటి బాబూ, వరిలో కొత్త వంగడం ఆఫీసోళ్లే తెచ్చినారు, కాపీ మొక్కల్లో కొత్త వంగడం ఆఫీసోళ్లే పంచినారు, మరి రోగంలో కొత్త వంగడం ఇంకెవులు తెత్తారు, సూదిలో ఎట్టి ఆళ్లే ఏసేసినారు గదా అంది. దీనికి సబ్సిడీ ఎంతేటి అని కూడా అడిగింది. లూర్దమ్మ పాకకు గడియ పెట్టేసింది. ఇంకో సూది పడనివ్వదట.

అన్నిటికీ మూలం ప్రభుత్వమేనని వీళ్లకు ఇన్నాళ్లూ ఉపన్యాసాలిచ్చాను. ఇప్పుడు నమ్మారు.

ఆగస్టు 11

ఫ్లోరెన్స్ మందు తెచ్చింది. జరిగింది చెప్పాను. చివాట్లకు సిద్ధంగానే ఉన్నాను. ఆవిడ నవ్వి నవ్వి పాక ముందు రాయి మీద కూలబడింది. ఆ మాట ఎవరిదో వీళ్లకు మీరే చెప్పండి సార్ అంది.

చెప్పాను. వంగడం అన్న మాట నాది, ఆఫీసుది కాదు. జబ్బు తనంతట తానే మారింది. కొత్త జబ్బు పుట్టించేంత పనితనం ఆ ఆఫీసుకు లేదు.

లూర్దమ్మ నన్ను ఎగాదిగా చూసింది. నీ మాటేనా, ముందే సెప్పకపోయినావా బాబూ, ఇన్నాళ్లూ నీ మాటలు ఇంటన్నాం, నీ మాటకి సచ్చిన పంది ఒక్కటీ లేదు అంది. బతికిందీ లేదు అంది తవిటమ్మ. గడియ తీశారు.

అందరం కాళ్లు కడుక్కుని వెళ్లాం. లూర్దమ్మ మరియమ్మను తలుచుకుని పంది చెవులు పట్టింది. వెనక కాళ్లు నన్ను పట్టమన్నారు. పంది నన్ను బురదలో కూర్చోబెట్టింది. సూది మాత్రం పడింది. అందరికీ థ్యాంక్స్ అన్నాను, బురదలోంచే. యాభై రెండేళ్లకు నోరు తిరిగింది.

సెప్టెంబరు 7

లూర్దమ్మ పంది ఈనింది. ఒక్క పిల్లా చావలేదు. ఆఫీసరును తిడుతూ రాసిన వ్యాసం కూడా అచ్చయింది. రెండు సంతోషాలు ఒకే వారంలో.

నవంబరు 2

పాలు మరిచిన పిల్లలు నాలుగిళ్లకూ వెళ్లాయి. ఒకటి నా గుమ్మంలోకి వచ్చింది. పంది కాళ్లు పట్టినవాడికి ఒక పిల్ల ఇవ్వడం ఇక్కడి రివాజట. వద్దంటే తల్లిపందిని అవమానించినట్టట.

నవంబరు 3

మంచం కింద నిద్రపోతోంది. వ్యాక్సిన్ విధానం మీద నిప్పులు కక్కుదామని కూర్చున్నాను. పెన్ను నొక్కితే చెవులు కదుపుతోంది.

మెల్లగా రాస్తున్నాను.