వెనక్కి పోయిన గంట

నాగమణీ,

వరద వచ్చిన ఏడు మన గోడ గడియారం గంట వెనక్కి పోయింది. ఇయ్యాల మళ్ల పోయింది. ఐదింటి అజాన్ వినబడ్డది, ముల్లు చూస్తే నాలుగు మీద ఉంది. ఆ వరదప్పుడు "సెల్లు అయిపోయిందేమో" అన్నవ్. ఈసారి మొన్ననే కొత్త సెల్లు ఏసిన. నాకు నిద్ర సాలదని డాక్టరు అన్నది నిన్ననే. స్టూలు ఇంకా గడియారం కిందనే ఉంది. నేనెవరినీ అనట్లేదు.

పూలకు గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పోతున్న. ముందు బుట్టల ఉన్న మల్లెలు కట్టు, అవి ఆగవు. తర్వాత గుడి దండలు. బంతికి ఫికర్ లేదు, సాయంత్రందాకా ఉంటది.

ఆ వరదనాడు ఆ ముల్లు చూసి ఆలస్యంగా లేచిన, అందుకే బండితో సహా నీళ్లల్ల కొట్టుకపోలే. ఆ మర్నాడు తెల్లారి నువ్వు లేవకముందే స్టూలెక్కి ముల్లు సరిచేసిన, నిన్ను ఏం అడగలే.