మటాష్ చెయ్యి

చోంగ్జు, ఆగస్టు 30

ప్రియమైన అన్నయ్యకు,

సైనిక శిక్షణలో ఫోన్లు లాగేసుకుంటారట కదా, అందుకే ఈ కాగితం. గుండు కుదిరిందా? నువ్వు లేక నాన్నకు తిట్టడానికి నేనొక్కదాన్నే దొరుకుతున్నాను.

అసలు సంగతి విను. ఈ-స్పోర్ట్స్ జట్టు ఎంపికలకు నన్ను పిలిచారు! సెప్టెంబర్ పదిహేను, శనివారం, రాత్రి ఎనిమిది నుంచి పదకొండు దాకా. ఎవరి చోటు నుంచి వాళ్ళే ఆడాలి. ఇన్నాళ్ళూ నేను ఆడిందంతా మన సందు చివరి పీసీ బాంగ్‌లో, గంటల లెక్కన అద్దెకిచ్చే కంప్యూటర్ల మీదే కదా. అక్కడ పది కొట్టగానే మాలాంటి స్కూలు పిల్లల్ని బయటికి తోలేస్తారు. ఆట మధ్యలో లేచిపోతే నన్నెవరు తీసుకుంటారు? అందుకే పదిహేనులోగా ఇంట్లో గేమింగ్ కంప్యూటర్ ఉండి తీరాలి. నాన్న ఒప్పుకున్నారు. "ఒక్కసారే, మళ్ళీ అడగకు" అన్నారు.

తయారుగా ఉన్నది కొననా, విడిభాగాలు తెచ్చి నేనే బిగించుకోనా? బిగించాలనే ఉంది. కానీ నా చేతి మహిమ నీకు తెలియంది కాదుగా. త్వరగా రాయి.

నీ చెల్లెలు,
బోరమ్


నోన్సాన్, సెప్టెంబర్ 3

ప్రియమైన బోరమ్‌కు,

మా చెల్లెలికి పిలుపొచ్చిందని పక్క మంచం వాడికి చెప్తే నమ్మలేదు వెధవ. నీ ఉత్తరం చూపించాక నోరు మూశాడు.

కానీ బిగించే మాట మర్చిపో తల్లీ. తయారుగా ఉన్నదే కొను. బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గడి ఉంటుంది. అందులో వెంట్రుకల్లాంటి సూదులు వందలకొద్దీ. చెయ్యి కాస్త తడబడితే అవి వంగిపోతాయి, ఇక బోర్డు చెత్తబుట్టకే. నీ తొమ్మిదో ఏట నా కంప్యూటర్‌కు ఏమైందో గుర్తుంది కదా? నాన్న కోపం? అలాంటి గొడవ మనింట్లో మళ్ళీ వద్దు. ఈ ఒక్కసారి నా మాట విను.

ప్రేమతో,
అన్నయ్య తేసొక్


చోంగ్జు, సెప్టెంబర్ 8

ప్రియమైన అన్నయ్యకు,

నీ మాట వినే కొట్టుకు ఫోన్ చేశాను. చూసోక్ పండగ రద్దీ, ఇరవైలోపు ఇవ్వలేమన్నారు. ఇంకో నాలుగు కొట్లలోనూ అదే పాట. చివరికి రైలెక్కి సియోల్ వెళ్ళి, యోంగ్సాన్ బజారంతా తిరిగి విడిభాగాలు మోసుకొచ్చాను. నువ్వు తిడతావని తెలుసు.

పెట్టెలు నా ఎదురుగానే ఉన్నాయి. ప్రాసెసర్ చేతిలోకి తీసుకోగానే వేళ్ళు చెమట పట్టేస్తున్నాయి. మళ్ళీ పెట్టెలో పెట్టేస్తున్నాను. "మటాష్ చెయ్యి మళ్ళీ రంగంలోకి దిగిందా? ఇది పాడైతే ఇంకోటి లేదమ్మాయ్" అన్నారు నాన్న. నవ్వుతూనే అన్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎనిమిదేళ్ళుగా ఈ ఇంట్లో నన్ను బల్బు కూడా మార్చనివ్వరు. స్కూల్లో ప్రయోగాల గదిలోనూ పక్కవాళ్ళు చేస్తుంటే చూస్తూ నిలబడతాను.

ఒక మాట. ఆ రోజు పిక్కల మీద పడ్డ బెత్తం దెబ్బలు గుర్తున్నాయి గానీ, నీ కంప్యూటర్‌ను ముట్టుకోవడం మాత్రం ఎంత ఆలోచించినా గుర్తుకు రాదు. కళ్ళారా చూశానని నువ్వే అన్నావు కాబట్టి చేసే ఉంటాను.

వారమే ఉంది. నాకు భయంగా ఉంది అన్నయ్యా. దాన్ని ఎలా పట్టుకోవాలో అదైనా చెప్పు.

నీ చెల్లెలు,
బోరమ్


నోన్సాన్, సెప్టెంబర్ 11

బోరమ్,

నువ్వు దాన్ని ముట్టుకోలేదు.

ఆ రోజు ప్రాసెసర్ నా వేళ్ళలోంచి జారి ఆ సూదుల మీద పడింది. నాకు పదమూడేళ్ళు. ఇంతలో గుమ్మం దగ్గర నాన్న చెప్పులు విప్పుతున్న చప్పుడు. "బోరమ్ కెలికింది" అని నోటికొచ్చింది అనేశాను. నిన్ను కొడుతుంటే గోడవైపు తిరిగి నిలబడ్డాను. రేపు చెప్దాం, ఎల్లుండి చెప్దాం అనుకుంటూనే ఇన్నేళ్ళు గడిపేశాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

కొను, కొను అని పోరింది కూడా నీ కోసం కాదు. నువ్వు బిగించి అది పనిచేస్తే, మరి అప్పుడెలా పాడైందని నాన్న అడుగుతారని.

నీ చెయ్యి ఎన్నడూ దేన్నీ పాడుచెయ్యలేదు. నన్ను ఎంతైనా తిట్టు, కానీ బిగించు. అంచులు మాత్రమే పట్టుకో. మూలనున్న చిన్న త్రికోణం బోర్డు మీది గుర్తుకు ఎదురుగా రావాలి. నిలువుగా దించు, నొక్కకు.

తేసొక్


చోంగ్జు, సెప్టెంబర్ 16

తేసొక్‌కు,

శుక్రవారం సాయంత్రం అందింది. నీ గదిలోకి వెళ్ళి నీ దిండును కసితీరా గుద్దాను. తర్వాత దాని మీదే పడి ఏడ్చాను.

నిన్న మధ్యాహ్నం నాన్న బస్సు డ్యూటీకి వెళ్ళాక వంటింటి బల్ల మీద బోర్డు పెట్టాను. అంచులు పట్టుకుని దించాను. కూర్చుంది. అంతా బిగించి బటన్ నొక్కితే చడీచప్పుడు లేదు. అయిపోయింది, నా చెయ్యి అంతే అనుకున్నాను. నీ ఉత్తరం పక్కనే ఉన్నా సరే, ముందు ఆ మాటే వచ్చింది. చూశావా నన్నేం చేశావో? గంటసేపు వైర్లన్నీ వెతికాను. చివరికి చూస్తే కంప్యూటర్ వెనకున్న కరెంటు మీట వెయ్యలేదు, అంతే. వేశాను. ఫ్యాన్లన్నీ గిర్రున తిరిగాయి.

మూడు ఆటల్లో రెండు గెలిచాను. రెండో దశకు పిలిచారు.

పొద్దున నాన్న దాన్ని చూసి "ఎవరు బిగించారే?" అన్నారు. నేనే అన్నాను. చాలాసేపు నా చేతుల వంక చూశారు. "మరి అప్పుడు..." అని ఆగిపోయారు. ఆ జవాబు నాది కాదు, నీది. సెలవు మీద వచ్చి, ఆయన ముందు నిలబడి, నీ నోటితో నువ్వే చెప్పాలి. అప్పటిదాకా నిన్ను అన్నయ్యా అని పిలవను.

గెలిచానని తెలియగానే ఎగిరి గంతేసి ముందుగా నీకే చెప్పాలనిపించింది. నాకు మండిపోతున్నది అందుకే.

బోరమ్