కింది పొరకి పేరు

పొందూరు,
ఆగస్టు 11, 1968.

బావకి కూర్మమ్మ నమస్కారాలు.

ఇక్కడ నేనూ అత్తా క్షేమంగానే ఉన్నాం. తిరుచ్చి ఎండల్లో భూగర్భ సర్వే అంటూ రాళ్ళు కొట్టుకుంటూ తిరిగే నువ్వు వేళకి తింటున్నావని రాస్తే మా క్షేమం పూర్తవుతుంది.

అడిగినవాటికి ముందు జవాబులు. వానలు పడ్డాయి, ఊడుపులు మొదలయ్యాయి. మోకాళ్ళ నొప్పులు తగ్గాయంటుంది గాని, రాట్నం దగ్గర నుంచి లేవాలంటే అత్తకి నా భుజం కావాలి. బడిలో నన్ను ఈ ఏడు మూడో తరగతికి పాఠాలు చెప్పమన్నారు. నీ చొక్కా గుడ్డకి అత్త వడికిన నూలే నేతకిచ్చాం. ఆ గుడ్డ వేసుకుని కొండలెక్కి చింపుకొస్తే మాత్రం ఊరుకోదట.

ఇక నీ సున్నపురాయి సంగతి. నీ ఉత్తరాల్లో నా గురించి రెండు ముక్కలు, రాయి గురించి రెండు పేజీలు. అలవాటైపోయి శ్రద్ధగానే చదువుతున్నాను. అత్తకి చదివి వినిపిస్తే, "జానెడు మందం నేని రాయికి పేరెందుకే? ఆడికి వేరే పని నేదేటి?" అంది. మీ పెద్ద ఆఫీసరు అన్నదీ అదే కదా. అంత పలచటి పొరకి వేరే పేరెందుకు, పైనున్న మందపాటి దాంట్లో కలిపి రాసెయ్యమన్నాడట. నువ్వేమో కలపనంటున్నావు. పైదాంట్లో గవ్వలు వేరు, దీంట్లో గవ్వలు వేరు. సముద్రం అక్కడికి ఒకసారి వచ్చి, కొద్దికాలం ఉండి వెళ్ళిపోయిందని చెప్పడానికి ఈ పొర తప్ప ఇంకేమీ మిగల్లేదంటున్నావు.

పెద్దదైతే ఫార్మేషను, అందులో భాగమైతే మెంబరు, అన్నిటికన్నా చిన్నదైతే బెడ్డు అంటారని రాశావు. బెడ్డు అన్న మాట చదవగానే నాకు శ్రీకాకుళం ఆస్పత్రిలో కిటికీ పక్క మంచం గుర్తొచ్చింది. కాసేపు ఉత్తరం మడిచి పక్కన పెట్టేశాను.

రాయి ఎక్కడ బాగా కనబడితే ఆ చోటు పేరే పెట్టాలి, ఊరో ఏరో, మనుషుల పేర్లు పెట్టకూడదు అన్నావు. మనుషుల మాట ఒకే ఉత్తరంలో రెండుసార్లు రాశావు. ఎందుకు రాశావో నాకు అర్థమైంది బావా. అయినా పెడదామన్నా మన పిల్లకి పేరెక్కడుంది? పేరు పెట్టే రోజు దాకా అది ఉండలేదు. పోయాక దాని మాట నువ్వూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఇప్పుడు అసలు సంగతి. నాకు నాలుగో నెల. ముందే రాయాల్సింది. మళ్ళీ ఏమైనా అయితే అంత దూరంలో ఒక్కడివీ ఎలా తట్టుకుంటావోనని భయపడి దాచాను. నామీద కోపం పెట్టుకోకు.

మగపిల్లాడైనా ఆడపిల్లైనా తవుడనే పిలవాలని అత్త అప్పుడే తేల్చేసింది. పుట్టగానే చేటలో వేసి, పక్కింటి దాలమ్మ గుప్పెడు తవుడిచ్చి కొనుక్కున్నట్టు చేస్తారట. అలా కొన్న పిల్లలు నిలుస్తారని అత్త నమ్మకం. నేను సరేనన్నాను.

మొన్న ఇద్దరం శ్రీకాకుళం ఆస్పత్రికి వెళ్ళాం. కొత్తగా వచ్చిన నర్సు లీలారాణిగారు, "ఎన్నో కాన్పమ్మా?" అని అడిగారు. నేను నోరు తెరిచేలోగా అత్త, "తొలిసూలే తల్లీ" అనేసింది. నా ఒళ్ళు మండిపోయింది. "కాదండీ, రెండోది" అన్నాను.

తిరుగు బస్సులో అత్త టిక్కెట్లు కొంగున ముడేసుకుంది. తర్వాత, "ఏటే కూర్మీ, ఆ ముక్క సెప్పకపోతే ఏటైపోనాది? పేరైనా నేని పిల్లని నెక్కెట్టుకుంటారేటే?" అంది.

"మరి రేపు తవుడని ఎందుకు పిలుస్తావత్తా?" అన్నాను. "ముందొకటి పోతేనే కదా ఆ పేరు పెడతారు. పిలిచినప్పుడల్లా పోయినదాన్ని తలుచుకున్నట్టే కదా."

అత్త కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఊరు దగ్గరపడ్డాక, "దానియి అచ్చం నా కొడుకు కళ్ళేనే" అంది. అన్నాళ్ళకి మన ఇంట్లో ఒకరు దాని మాటెత్తారు. ఇద్దరం బస్సులోనే ఏడ్చాం.

ఆఫీసరుకి నచ్చజెప్పుకో, పోట్లాడుకో, ఆ పొరని మాత్రం కలపకు. పొరల్ని కింద నుంచి పైకి లెక్కపెడతామని నువ్వే రాశావు. అందుకని తవుడు పుట్టకముందే నేను మొదటిదానికి పేరు పెట్టేశాను. మీ నియమం తప్పలేదు, చోటు పేరే పెట్టాను. అది ఉన్న నాలుగు రోజులూ నేను ఎత్తుకుని కూర్చున్న కిటికీలోంచి కనబడిన ఏటి పేరు. నాగావళి.

నీకు నచ్చితే, జవాబులో ఆ పేరు ఒక్కసారి నీ చేత్తో రాయి.

ఇట్లు,
నాగావళికీ తవుడికీ అమ్మ,
నీ కూర్మమ్మ